మళ్లీ మబ్బు పట్టినప్పుడు

పద్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే కొల్లేటి మీద మబ్బు పట్టింది. మబ్బు రోజున మేత పెడితే నీళ్లలో గాలి చాలక చేపలు చచ్చిపోతాయని చెరువులో మేత సంచులు కట్టం కదా. "చేపలకి సెలవిచ్చారు, మనకీ ఇవ్వండీ" అనేదానివి. నువ్వడిగింది పెద్ద కోరికేం కాదు. గట్టు మీద కూర్చుని గూడబాతుల్ని చూస్తూ ఇద్దరం బజ్జీలు తినడం, అంతే. నేనేమో ఆ రోజు కూడా మేతకి తవుడు కోసం తాడేపల్లిగూడెం పోయేవాణ్ణి.

ఒక్కసారి ఒప్పుకున్నాను. నువ్వు నీలం చీర కట్టుకుని, బజ్జీలు డబ్బాలో సర్ది గుమ్మంలోకి వచ్చేసరికి ఎండ కాసింది. "మళ్లీ మబ్బు పట్టినప్పుడు వెళ్దాంలే" అని చెరువుకు వెళ్లిపోయాను. మధ్యాహ్నం ఆ డబ్బా నాకే పంపావు.

ఇవాళా పదింటికల్లా మబ్బు విడిపోయింది. చెరువు కాపలా చూసే వెంకన్న ఫోన్ చేశాడు.

"ఎండొచ్చిందండి. మేత కట్టేయమంటారా?"

"వద్దు. మా ఆవిడతో గట్టు మీదికి వెళ్లాలి" అన్నాను.

అవతల మేత సంచి కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అలాగేనండి. వెళ్లి రండి" అన్నాడు.