అయిదు మూలలు, ఒక్క తల

నవంబర్ 12

ప్రియమైన చెల్లెమ్మ ఆర్డిత్‌కు,

ఈ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. స్టాంపు అంటించిన కవరు మూడు రోజులుగా రొట్టెల డబ్బా మీద పడి ఉంది. చెప్పడానికి నా దగ్గర అభిప్రాయమేమీ లేదు, ఉన్నదంతా అయోమయం. దాన్ని నీకు కాక ఇంకెవరికి పంపను?

అధ్యక్ష పదవికి మన పార్టీలోనే పదిహేడు మంది ఎగబడ్డారు. జూన్‌లో మేయరు ముందున్నాడు. ఆగస్టులో మన అయోవా సంతకొచ్చి మొక్కజొన్న కంకిని ఫోర్కుతో తిన్నాడని సర్వేలో మూడు శాతం జారాడు. నేనూ ఆయన్ని వదిలేశాను, ఎందుకో నాకే తెలీదు. తర్వాత డాక్టరమ్మ పైకి లేచింది. నువ్వు ఎవరి ప్రచారంలో పని చేస్తున్నావో ఆ గవర్నర్ కోర్విన్ రెండు నుంచి పదకొండుకెక్కి ఆరుకు దిగింది.

నాన్న వరండాలో వేలాడదీసిన వాతావరణ యంత్రం గుర్తుందా? అది వానంటే ఎండ కాసేది. అయినా నాన్న రోజూ పొద్దున్నే దాన్ని వేలితో తట్టి చూడకుండా కాఫీ ముట్టేవాడు కాదు. నేనూ అలాగే పేపరు తట్టి చూస్తున్నాను.

ప్రచారం వాళ్లు సంతకాల కోసం మద్దతు కార్డులు పట్టుకుని బురదలో నడిచి వస్తున్నారు. నిన్నొకావిడ ఆరెగాన్ నుంచి వచ్చింది, మేజోళ్లు తడిసి ముద్దయ్యాయి. వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపడం మన ఇంటావంటా లేదు కదా.

ఎటూ తేల్చుకోలేని నీ అన్న,
వర్జిల్

డిసెంబర్ 3

అన్నయ్యా,

నీ అయోమయం అందింది. భద్రంగా దాచాను.

ఈ ఉత్తరాది కౌంటీలన్నీ గవర్నర్ నా మీద వదిలింది. డెబ్భై ఏళ్లొచ్చాక ఒకరు నన్ను నమ్మారు. ఫిబ్రవరిలో అభ్యర్థిని ఎంచుకునే మన ఊరి పార్టీ సభ, ఆ కాకస్, నడిపేది నువ్వే. ఒక్కో అభ్యర్థి మనుషులు ఒక్కో మూలలో నిలబడాలి. రూలు నాకంటే నీకే బాగా తెలుసు. వచ్చినవాళ్లలో నూటికి పదిహేను మంది మా మూలలో నిలబడకపోతే ఆ మూల రద్దయిపోతుంది, ఉన్నవాళ్లు కూడా వేరే మూలలకు పోవాలి. పుట్టిన ఊళ్లో అలా జరిగితే నేనిక తలెత్తుకోలేను.

ఎనభై మూడులో స్కూలు బోర్డుకు నిలబడి రోలాండ్ చేతిలో ఒక్క ఓటుతో ఓడాను. నాకు వేశావా అని నిన్నెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. కానీ ఇది పెట్టెలో కాగితం వేసే పని కాదు, అందరూ చూస్తుండగా నిలబడే పని. నా మూలలో నిలబడు.

నీ చెల్లెలు,
ఆర్డిత్

జనవరి 19

ప్రియమైన ఆర్డిత్,

నిలబడతాను. ఇదిగో రాసి ఇస్తున్నాను.

ఈ వారం సర్వేలో కోర్విన్‌కు పదమూడు. డాక్టరమ్మ కూలింది. మేయరు మళ్లీ లేచాడు, ఈసారి ఏం తిన్నాడో తెలీదు. ఇంకో వింత. అన్ని ప్రచారాల వాళ్లూ చెప్పుకునే లెక్కలు కలిపితే మన ఊళ్లో రెండు వందల మంది మాటిచ్చారు. కాకస్‌కు వచ్చేది డెబ్భై దాటదు. మన పక్కింటి హాల్వర్‌ను అడిగాను, “నువ్వెవరి వైపురా?” అని. “ఏ రోజు సంగతి అడుగుతున్నావు?” అన్నాడు.

మాట ఇచ్చిన
వర్జిల్

ఫిబ్రవరి 5

ఆర్డిత్,

ఫలితం నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎలా జరిగిందో నా నోటితో వినాలి నువ్వు.

బడి ఆటల హాలులో హాజరు సంతకాలు అరవై ఆరు. అంటే మూలకు పది మంది కావాలి. బాస్కెట్‌బాల్ బుట్ట కింద మీవాళ్లు తొమ్మిది మంది. అన్ని మూలలూ కలిపి లెక్కపెట్టాను, అరవై అయిదు. మళ్లీ పెట్టాను, అంతే.

“ఒకడు తక్కువున్నాడు. బాత్రూమ్‌లో ఉన్నాడేమో చూడు వర్జిల్,” అన్నాడు హాల్వర్, బుట్ట కింద నుంచే.

వెళ్లి చూశాను. అద్దంలో ఆ ఒకడు కనిపించాడు.

తిరిగి వచ్చేసరికి అయిదు మూలల నుంచి అయిదుగురు నన్నే చూస్తున్నారు. అయిదుగురి చేతుల్లోనూ నా సంతకం ఉన్న కార్డులు. నీకు చెప్పలేదు, వచ్చిన ప్రతివాళ్లకూ పెట్టాను. ఒక మూలకు నడిస్తే నాలుగు మూలలకు అబద్ధాలకోరునవుతాను. “నువ్వు మావాడివి కదూ?” అంది ఆరెగాన్ ఆవిడ మెల్లగా. లెక్క రాసే అట్ట పట్టుకుని హాలు మధ్యలోనే నిలబడ్డాను. టైమైపోయింది. నేనే పిలిచి చెప్పాను, కోర్విన్ మూల రద్దని.

మీ తొమ్మిది మందీ కోట్లు తీసుకుని తలోవైపు వెళ్లారు. హాల్వర్ నా వైపు చూడలేదు.

క్షమించమని అడిగే మొహం లేదు.
వర్జిల్

ఫిబ్రవరి 17

అన్నయ్యా,

వారం రోజులు నీ ఉత్తరాన్ని పిండి డబ్బాలో పెట్టి మూత వేశాను. నాలుగు జవాబులు రాసి చించాను. ఒకదానిలో నిన్ను తిట్టిన తిట్లు నాన్నకు కూడా వచ్చేవి కావు.

అయిదోది ఇది. కూర్చుని చదువు.

ఎనభై మూడులో ఓటు వేసే ఆ గుడ్డ తెర వెనక నిలబడ్డాను. నా పేరు పక్కన నేనే గుర్తు పెట్టుకోవడం, చుట్టాలకు వడ్డించకముందే పెద్ద ముక్క నేను తీసుకున్నట్టు అనిపించింది. రోలాండ్‌కు వేశాను. వాడూ మర్యాదస్తుడే, నాకు వేస్తాడులే అనుకున్నాను. వెయ్యలేదు.

ఒక్క ఓటు. అది నాదే. ఆ సంగతి ఒప్పుకోలేక నువ్వు వెయ్యలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇన్నేళ్లూ థాంక్స్‌గివింగ్ పండగకు టర్కీ కోడిలో నీకు మెడ ముక్క వడ్డించింది అందుకే. నువ్వు అది ఇష్టంగా తింటున్నావనుకున్నారు పిల్లలు.

కోపం పోలేదు. ఎవరి మీదో మాత్రం తేలడం లేదు. ఒక్కటి అడుగుతాను, ఇప్పుడైనా చెప్పు. నాకు వేశావా?

అదే ఇంటి పిల్ల,
ఆర్డిత్

ఫిబ్రవరి 23

ప్రియమైన చెల్లెమ్మా,

వేశాను. మెడ ముక్క నాకు ఎప్పుడూ నచ్చలేదు.

కోర్విన్ పోటీ నుంచి తప్పుకుందని రేడియోలో విన్నాను. చివరి సర్వేలో ఆమెకు పద్నాలుగట. మధ్యాహ్నం హాల్వర్ వచ్చి చిల్లీ కూరలోకి దాల్చినచెక్క రొట్టె అడిగాడు, పెట్టాను. తిన్నాక ఇద్దరం వాకిట్లో పాతిన ఆమె ప్రచార బోర్డు తియ్యబోయాం. నేల గడ్డకట్టి పుల్లలు ఊడిరాలేదు. అట్ట మాత్రం తెచ్చి గరాజులో పెట్టాం.

వర్జిల్