ల్యూ నేర్పిన అక్షరం

జెర్సీ సిటీ
14 నవంబరు 1981

కొండల్ రావు అన్నకు,

ఉదయ్ నమస్కరించి రాయునది. ఎడిసన్‌లో మీరూ విజయశ్రీ వదినా క్షేమమని తలుస్తాను. నేను క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది, రాయను.

మా హోటల్ వంటవాడు ల్యూని మీరెరుగుదురు. కలకత్తాలో పుట్టి మనకన్నా మంచి హిందీ మాట్లాడే చైనా పెద్దాయన. అరవై రెండు చైనా యుద్ధంలో మన ప్రభుత్వం ఆయన్ని రాజస్థాన్ శిబిరంలో పడేసింది. అయినా నన్ను బేటా అనే పిలిచాడు. నేను గిన్నెలు కడుగుతుంటే, పిండి చల్లిన బల్ల మీద వేలితో 義 అని రాసి నేర్పాడు. హక్కా భాష మాట్లాడే వాళ్ళింట్లో ‘న్గి’, కాంటన్ వాళ్ళు ‘యీ’, జపాన్ వాళ్ళు ‘గి’ అంటారట. పైన గొర్రె, కింద ‘నేను’. అర్థం న్యాయం. నేను పొంగిపోయాను. ఆగు బేటా, మాటిచ్చి కలుపుకున్న అన్నదమ్ములకూ, పెంపుడు తండ్రికీ, చివరికి కొయ్యకాలికీ ఇదే అక్షరం పెడతాం అన్నాడు. న్యాయం పక్కన కొయ్యకాలేమిటని నేను మండిపడితే, రెండు కాళ్ళూ ఉన్నవాడివి నీకేం తెలుస్తుందిలే అని నవ్వాడు.

వారానికొక సెలవు కోసం వేసిన కరపత్రం నెత్తిన ఆ అక్షరమే పెట్టాను. చిత్తుప్రతి చూసి మీరేమన్నారు? సిటిజన్‌షిప్ రానీ తమ్ముడూ, అప్పుడు సంతకం పెడతా అన్నారు. విప్లవం మీ అప్లికేషన్ కోసం ఆగుతుందా?

పంచిన తొమ్మిదో రోజున ఇమిగ్రేషన్ వాళ్ళు వంటగదిలోకి వచ్చి, ఏప్రన్ విప్పనివ్వకుండా ల్యూని తీసుకుపోయారు. కాగితాలు లేవన్న సంగతి ఆయన నాకు చెప్పాడు, నేను మీకు చెప్పాను. మూడో మనిషికి తెలియదు. మీరే వాళ్ళకు చెప్పి ఉంటారని మన స్నేహితులు రేణుతో, రాజ్‌తో అన్నాను. ఇద్దరూ నమ్మారు.

ఇక మీ గడప తొక్కనివాడు,
ఉదయ్

తా.క. పై కాగితం నిన్నటిది. చింపేయాలనిపించింది. మీ వెనక ఏమన్నానో మీకు తెలియాలని ఉంచాను.

కరపత్రం అంటే అడుగున ‘ఇట్లు’ అని నాలుగు పేర్లుండాలి కదా మనకు. నా ఒక్క పేరు వెలవెలబోతోందని, మీరు వెళ్ళాక, ల్యూ పేరూ ఆయన గది అడ్రసూ చేర్చాను. ఆయన్ని అడగలేదు. ఇంగ్లీషు చదవడం రాదు, అచ్చయింది చూపిస్తే అక్షరం బాగా కుదిరిందన్నాడు.

శుక్రవారం విచారణ. పంపేస్తే కలకత్తాలో ఆయనకెవరూ లేరు. పూచీ ఉండటానికి గ్రీన్ కార్డున్న మనిషి కావాలని లాయరు అన్నాడు. నాది స్టూడెంటు వీసా, మీకు కార్డుంది. రేణుకీ రాజ్‌కీ ఈ ఉదయమే నిజం చెప్పాను. మీరు రండి అన్నా.