పున్నమికి ముందే రా

తమ్ముడూ,

అంతా బాగున్నామని రాద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. మీ బావకి ఇప్పుడు ఎవరూ గుర్తులేరు, నేను కూడా. పున్నమి మాత్రం గుర్తుంది. జన్మంతా చంద్రుణ్ణి చూసి పడవ దించిన మనిషి కదా. పోటు లేచే వేళకి నీ మేనల్లుడి పడవ వస్తుందంటూ సముద్రంలోకి నడిచిపోతాడు. వాడు పోయి ఏళ్లయిందంటే, "నోర్ముయ్, నువ్వూ నీ పాడు మాటలూ" అంటాడు. పోయిన పున్నమికి నడుంలోతు నీళ్లలో పట్టుకున్నాను. ఈసారి కిటికీకి దుప్పటి కట్టాను. పోటు చప్పుడుకి ఏం కట్టను?

నీ దగ్గు తగ్గిందా? గురువారం పున్నమి. బుధవారానికల్లా వచ్చెయ్యి. తలుపుకి తాళం వేస్తాను. కానీ, "పిల్లాడు ఒడ్డున తడుస్తున్నాడే, తియ్యవే" అని ఆయన ఏడుస్తుంటే, నేనే తాళం తీసి ముందు నడుస్తానేమోనని భయంగా ఉందిరా.

మీ అక్క