చపాటా గోడ

హనుమకొండ,
9 మార్చి 2025.

గౌరవనీయులైన పద్మలత వదినకు,

మీ మరదలు సుగుణ నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ తమ్ముడి బీపీ కూడా క్షేమమే, నిన్ననే డాక్టరు చూసి మందు మార్చక్కర్లేదన్నాడు. కరీంనగర్‌లో మీరూ, అన్నయ్యగారూ, మీ అమ్మాయి తేజస్వీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. ఫోన్లో మీరు నన్ను మాట పూర్తి చేయనివ్వరు వదినా. కాగితమైతే మధ్యలో అడ్డం రాలేరు కదా, అందుకని.

సంగతి మా హాల్లో గోడ గురించి. కొత్తింటికి రంగుల ముచ్చట వచ్చినప్పుడు, ఒక్క గోడకు ఎరుపు వేయించుకుంటానని నేనన్నాను. అప్పుడు మీరన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “గిది ఇల్లా, మిర్చి యార్డా సుగుణా? ఎర్రగోడ ముంగట కూసుంటె రోజూ లొల్లే. తమ్ముని బీపీ సంగతి జర సోచాయించు” అన్నారు. అక్క చెప్పినట్టే కానీయమని మీ తమ్ముడు వెంటనే తేల్చేశాడు. మార్కెట్లో ఎంత పెద్ద మిర్చి వ్యాపారి అయినా మీ ముందు ఆయన చిన్న తమ్ముడే.

కానీ నా బాధ కూడా వినండి. పెళ్లయి వచ్చిన నాడు అత్తమ్మ వేయించిన ఆకుపచ్చ గోడలు. ఆ తర్వాత అద్దె ఇంట్లో ఓనరుకు నచ్చిన నీలం. దుకాణం పైన ఉన్న ఇంట్లోనైతే, దుకాణానికి వేయగా మిగిలిన డబ్బాలో ఏదుంటే అది. నీకు ఏ రంగు కావాలని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సొంతంగా కట్టుకున్న ఈ ఇంట్లోనూ నా మాటకు ఒక్క గోడ లేకపోతే, ఇక నాకు ఇల్లంటూ లేనట్టే అనిపించింది. అందుకే మొండికేశాను.

ఇంటీరియర్ పని చేసే హారికది హైదరాబాదు. హాల్లో పెద్ద గోడకు ఏ రంగు ఆంటీ అని ఫోన్లో అడిగింది. పక్క గదిలో మీ తమ్ముడున్నాడు. ఎరుపు అనే మాట ఆయన చెవిన పడితే మళ్లీ మీకు ఫోన్ పోతుంది. అందుకని గొంతు బాగా తగ్గించి, చపాటా రంగు వెయ్యమ్మా అన్నాను. చాలా బాగుంటుంది ఆంటీ, ఇప్పుడు అందరూ అదే వేయిస్తున్నారు అంది. నా మనసు ఉప్పొంగింది.

మరిపెడలో పెళ్లికి పోయి వచ్చేసరికి గోడ సిద్ధంగా ఉంది. వదినా, ఆ పిల్ల వేసింది చపాతీ రంగు. గోడంతా పిండి రంగు, అక్కడక్కడా పెనం మీద కాలినట్టు మచ్చలు. అది డిజైన్ అట. టమాటాలా బొద్దుగా, ఎర్రగా ఉండే చపాటా మిరపకాయ ఒకటుందని పాపం దానికేం తెలుసు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను సోఫాలో కూలబడ్డాను.

మీ తమ్ముడు గోడ దగ్గరికి పోయి, బస్తా విప్పి సరుకు చూసినట్టు వేలితో రాసి చూశాడు. “ఏందే సుగుణా, గిది తాలు గదనే” అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. రంగు విరిగి, తెల్లబడి, మచ్చలు పడ్డ తాలు కాయను మీ నాన్నగారి కాలం నుంచీ గడప లోపలికి రానివ్వని ఇల్లు మనది. ఇప్పుడు హాలంతా తాలు. ఆ పూట గోడకు వీపు పెట్టి అన్నం తిన్నాడు. తెల్లారి దుకాణం నుంచి గుప్పెడు చపాటా కాయలు తెచ్చి, హారికను పిలిపించి ఆమె చేతిలో పోశాడు.

“గిదీ చపాటా బిడ్డా. కారం తక్కువ, రంగు ఎక్కువ. మా ఇంటామె అడిగింది గిది. గిదే వెయ్యి.”

మా ఇంటామె అడిగింది అన్న ఆ ఒక్క మాట నాకు చాలు వదినా. వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

హారిక మంచి పనిమంతురాలు. ఆ కాయలనే రంగుల దుకాణానికి తీసుకుపోయి సరిగ్గా అదే రంగు కలిపించింది. ఒక్క గోడకే ఎరుపు, మిగతా మూడూ పాలతెలుపు, పరదాలూ లేత రంగువే. లొల్లి ఎరుపుతో రాదట, ఎరుపు పక్కన ఇంకో గట్టి రంగు నిలబడితే వస్తుందట. సాయంత్రం కిటికీలోంచి ఎండ పడితే హాలు ఎంత కళగా ఉంటుందో చెప్పలేను. వచ్చినవాళ్లు చాయ్ తాగినా లేవడం లేదు. మార్కెట్ నుంచి వచ్చిన పాండురంగం గారు, కల్లంలో ఆరబోసిన మొదటి కోత కాయ లెక్కుందని మెచ్చుకున్నారు. ఆలోచన అంతా తనదేనని మీ తమ్ముడు చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీయండి. ఇంట్లో లొల్లి లేదు. ఉన్నా టీవీ రిమోట్ గురించే.

మీ ఇంట్లోనూ రంగులు నడుస్తున్నాయని తెలిసింది. తేజస్వి ఫోన్లో ఏదో పెద్ద హోటల్ ఫొటో చూసి, ఆ దానిమ్మ రంగే కావాలని మీరు పట్టుబట్టారట. మంచి రంగు. మీ చూపుకు తిరుగులేదు. ఉగాదికి మీరంతా తప్పక రావాలి. ఎర్రగోడ ముందు కుర్చీ మీదే.

అన్నయ్యగారికి నా నమస్కారాలు, తేజస్వికి ఆశీస్సులు.

ఇట్లు
మీ మరదలు
సుగుణ

తా.క.: వదినా, ఆ ఫొటో హోటల్‌ది కాదు, మా హాలుది. నేనే తేజస్వికి పంపాను. హోటల్ అని మీకు మీరే అనుకున్నారట, తేజస్వి కాదనలేదు, అంతే. పిల్లనేమీ అనకండి. నమ్మకం కుదరకపోతే ఫొటోలో ఎడమ మూలకు చూడండి. ఆ ఇత్తడి బిందె మా పెళ్లికి మీరు పెట్టినదే. మీ గోడకు మొదటి పూత అయిందని నిన్ననే తెలిసింది. రెండో పూతకు రంగు తెప్పించేటప్పుడు దానిమ్మ అనకండి, చపాటా అనండి. కొంచెం గట్టిగా అనండి.