తొంభై రోజులు తెరవని ఫైలు

నీటి సరఫరా కార్యాలయం, కంప్యూటర్ విభాగాధికారి గారి సముఖమునకు పటాల విభాగపు గుమాస్తా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఉమ్మడి నిల్వలోని ఒక ఫైలును చెరపకుండా శాశ్వత దస్త్రముగా గుర్తించుట గురించి.

1. మా బల్లల మీది కంప్యూటర్లు తీసివేసి, ఉత్త తెరలు మాత్రం మిగిల్చి, పందొమ్మిది మందికీ క్లౌడులో తలా ఒక వర్చువల్ మెషీను, అందరికీ కలిపి ఒకే ఉమ్మడి నిల్వ దయచేయించినారు. ఎవరు ఏ మెషీనులో పని చేసినా ఫైళ్లన్నీ అక్కడే. సంతోషం. తొంభై రోజులు ఎవరూ తెరవని ఫైలు దానంతటదే చెరిగిపోవునని సర్క్యులరు కూడా పంపినారు.

2. సదరు నిల్వలో నాలుగు గంటల ఆడియో ఫైలు ఒకటి కలదు. ముప్పై ఏళ్లు ఊరి వాల్వులు తిప్పిన పెద్దాయన, ఏ వాల్వు ఎక్కడున్నదో చెప్పగా నేను రికార్డు చేసినది. మచ్చుకు: "చెప్పుల కొట్టు దాటాక మూడో స్తంభం. పక్కన రాయి ఎత్తు. కుడికి తిప్పకు, ఎడమకే, మెల్లగా. రాసుకుంటున్నావా, కునికిపాట్లు పడుతున్నావా?" పటాల్లో ఈ వాల్వులు సగం లేవు. తమరి క్వార్టర్సు వీధిది అసలే లేదు.

3. ఫైలు చెరగకుండా ప్రతి ఎనభై ఎనిమిదో రోజున దానిని తెరిచి మూయుచున్నాను. నాలుగేళ్లుగా నేను చేసిన పనికొచ్చే ఉద్యోగం ఇదే.

4. శాశ్వత దస్త్రముగా గుర్తించమని కోరగా, ఫారములో ఉత్తరం, పటం, బిల్లు అని మూడు గడులే కలవనీ, మనిషి గొంతుకు గడి లేదనీ సెలవిచ్చినారు. పటం గడిలో టిక్కు పెట్టితిని. పటం మాట్లాడదని తిప్పి పంపినారు. పోనీ కాపీ చేసుకుందామంటే, కంటికి కనబడని మెషీనుకు పెన్‌డ్రైవు ఎక్కడ గుచ్చేది?

5. సదరు పెద్దాయన నాకు పిల్లనిచ్చిన మామగారు. రికార్డింగు ముగిసిన నెలకే పోయినారు. ఫైలు తెరిచిన రోజున నా భార్యకు ఫోను చేసి, స్పీకరు దగ్గర పెట్టుదును. కార్యాలయ సమయం దుర్వినియోగమైనందుకు మన్నించగలరు. ఆమెకు వాల్వులతో పని లేదు. "అప్పుడే మూసేయకండి, నాన్న దగ్గే చోటు ఇంకా రాలేదు" అంటుంది. ఆ దగ్గు ఎన్నో నిమిషంలో వస్తుందో నాకు తెలుసు. అయినా ముందుకు జరపను.

6. మూడు నెలల్లో నా పదవీ విరమణ. ఆ సాయంత్రమే నా మెషీను రద్దగును. తోటివారిని అడిగితే "అలాగే సార్, ఆ టైముకి గుర్తు చేయండి" అన్నారు. గుర్తు చేయడానికి నేనుంటే ఈ అర్జీ ఎందుకు?

కావున ఫారములో ఇంకొక్క గడి గీయించి, ఈ ముసలి గుమాస్తా గోడు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పటాల గుమాస్తా

తా.క.: కాగితపు అర్జీలు పుచ్చుకోరు గనుక దీనిని కూడా ఉమ్మడి నిల్వలోని తమ ఫోల్డరులోనే ఉంచితిని. నేటికి ఎనభై ఎనిమిది రోజులు. తమరు తెరిచినట్లు లేదు. రేపే నా విరమణ. ఇందాక మామగారి ఫైలు తెరిచి మూశాను. ఇప్పుడు దీన్ని కూడా. ఇక రెంటికీ తొంభై రోజులే. ఏదో ఒకటి తెరవండయ్యా. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.