పాత కార్డు మీద వెళ్లిన అర్జీ

తిరుపతి,
సోమవారం సాయంత్రం.

పూజ్యురాలైన అక్కకు, తమ్ముడు నరసింహం పాదాభివందనం చేసి వ్రాసుకొనునది.

నేడు మన అమ్మ తిథి. కన్నతల్లిని పేరుతో, గోత్రంతో పిలిచి, నువ్వులూ నీళ్లూ విడిచి, మనం ఎవరి కొనసాగింపో తలచుకునే దినం. కార్వేటినగరంలో నీ ఎదుట జరగవలసిన కార్యాన్ని ఈ అద్దె ఇంట్లో మడితో ముగించి, ఆసుపత్రికి పరుగెత్తాను. అప్పటి నుండి మనస్సుకు నిలకడ లేదు.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారు కులాసాయేనా? నేనూ నీ మరదలూ క్షేమమే, దిగులు పడవద్దు. ఎండలు మండిపోతున్నాయి. పద్యం గురించి మాట్లాడే మనిషి దొరకడమే కరువు. వచ్చేవారుంటే నీ చేతి కందిపొడి పంపు.

పదవీ విరమణ చేసి ఆసుపత్రిలో ఏం ఉద్యోగమని అడిగావు. రోగుల బీమా అర్జీలను కంప్యూటరు ద్వారా ఆయా సంస్థలకు పంపడం నా పని. హోమంలో దేవత పేరు చెప్పి వేసిన హవిస్సును అగ్నిదేవుడు చేర్చవలసిన చోటికే చేరుస్తాడు. ఇక్కడ అగ్ని స్థానంలో కంప్యూటరు. పేరు తప్పితే అర్జీ పరాయివారి గుమ్మంలో పడుతుంది.

ఈనాడు జరిగింది అదే. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మునిరత్నం తన ఎనిమిదేళ్ల కూతురును తెచ్చాడు. పులికాట్ ఒడ్డున బోర్లించిన పడవ ఎక్కి పడి, మోచెయ్యి విరగ్గొట్టుకుంది. వేళ్లకు స్పర్శ తగ్గుతోందని, సాయంత్రంలోగా శస్త్రచికిత్స చేయకుంటే అవి చచ్చుబడవచ్చని వైద్యుడన్నాడు. బీమావారి అనుమతి గానీ రొక్కం గానీ లేనిదే లోపలికి తీసుకోరు. అతడిచ్చిన బీమా కార్డు చూసి నేను పంపిన అర్జీ 'ఇతడు మా సభ్యుడు కాడు' అని తిరిగివచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ అదే మాట.

"నెలనెలా జీతంలో పట్టుకుంటానే ఉండారే సామీ! నేను కాదంటే యెట్లా?" అన్నాడు మునిరత్నం.

"ఈ కార్డు ఎప్పుడిచ్చినారప్పా?" అని అడిగాను.

"ఇది పాతది సామీ. మొన్న ఉగాదికి కొత్తది ఇచ్చినారు. తళతళలాడతా ఉండాది, బస్సులో నలిగిపోతాదని దేవుని పటం కాడ పెట్టి ఇది తెచ్చినా."

"సూడు సామీ ఈయన్ని!" అంది భార్య, కళ్లు తుడుచుకుంటూనే. "పెండ్లి సొక్కా గూడా ఇట్లనే దాసిపెట్టి బొద్దింకలకు తొడిగినాడు!"

ఫ్యాక్టరీవారు బీమా సంస్థనే మార్చారని అప్పుడు తెలిసింది. వాళ్ల ఊళ్లో పక్కింటామెకు ఫోను చేయించి, కొత్త కార్డు చూసి చదవమన్నాము.

"నేనింకా నీళ్లు పోసుకోలేదే, పటం తాకొచ్చునా?" అందామె.

వెంటనే ఫోను అందుకున్నాను. "బిడ్డ కోసం తాకితే మైల లేదమ్మా. నేను చెప్తా ఉండాను, తియ్యి."

ఆమె చదివింది. నేను కంప్యూటరులో కొట్టాను. కొత్త సంస్థ నుండి అనుమతి వచ్చేదాకా గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. వచ్చింది, పాపను లోపలికి తీసుకుపోయారు.

అమ్మ తిథినాడు నేను చెప్పిన ఆ మాట నీకు సమ్మతమేనా అక్కా? మడి విషయంలో నీ పట్టుదల ఎరిగినవాడిని. అమ్మ మాత్రం కాదనదనుకుంటాను.

ఇప్పుడే పాపను చూసి వచ్చాను. నాలుగు వేళ్లు కదిలిస్తోంది, చూపుడు వేలు ఇంకా మొరాయిస్తోంది. రేపు తెల్లవారి చూస్తామన్నారు. అందాకా నాకు కుదురుండదు.

బావగారికి, పెద్దలందరికీ మా నమస్కారాలు. మా ఇద్దరినీ ఆశీర్వదించు.

ఆ పాప ఐదు వేళ్లతో బలపం పట్టి, ముద్ద కలుపుకొని, పెద్దదై, తన బిడ్డల జడలు అల్లుగాక. మన తరువాత వచ్చే పిల్లలందరి చేతులూ చల్లగా ఉండుగాక.

నీ తమ్ముడు,
నరసింహం