మేడ గదిలో ఇంకో ఆవిడ

బుజ్జమ్మకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను, మీ పిన్ని నాకంటే క్షేమంగా ఉంది. అక్కడ నువ్వు వేళకు తింటున్నావనీ, కుర్చీకి అతుక్కుపోకుండా మధ్యమధ్యలో లేచి నడుస్తున్నావనీ అనుకుంటున్నాను. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదమ్మా అంటావు. ఫోన్లో అయితే నువ్వు నవ్వేస్తావు, నాకు కోపం వస్తుంది, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. అందుకని కాగితం తీశాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మోకాలు పర్వాలేదు, మెట్లెక్కేటప్పుడు మాత్రం నేనున్నానని గుర్తుచేస్తుంది. డయాలసిస్ వార్డులో ఇప్పుడు నాకు పగటి డ్యూటీయే, రాత్రి డ్యూటీలు చిన్నవాళ్లు చూసుకుంటున్నారు. కొత్త హెడ్ నర్సుతో సర్దుకున్నావా అని అడిగావు. ఆవిడే నాతో సర్దుకుంది. ఇక మీ ఆఫీసులో నువ్వు తయారుచేసిన ఫోన్ ఆటలో మేడ గది గురించి పుకారు ఎవరు పుట్టించి ఉంటారని అడిగావు కదా, దానికి తర్వాత వస్తాను.

ముందు నీ ఆట మా వార్డు దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. మా దగ్గరికి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన వస్తారు. మిషన్ మీద ఉన్నంతసేపూ టాబ్లెట్లో నీ ఆటే ఆడతారు. వాన ఆగని ఊళ్లో ఇంటింటికీ టపా పంచే ఆ పిల్ల వీధులన్నీ తిరుగుతుంటే, నేను పక్కన నిలబడి నా కూతురి పనితనం చూసుకుని మురిసిపోయేదాన్ని. నువ్వు నా కూతురివని ఆయనకు చెప్పలేదు. ఒకరోజు ఆయన గొంతు తగ్గించి, "సిస్టర్, ఇందులో ఎక్కడా రాయని రహస్యం ఒకటుంది, తెలుసా?" అన్నారు. కొండ వీధిలో చివరి ఇంటి వరండాలో కూర్చుని, ఏ బటనూ నొక్కకుండా ఊరికే ఉంటే, లోపల్నుంచి ఒకావిడ తువ్వాలు పట్టుకొచ్చి ఆ పిల్ల తల తుడుస్తుందట. "పాపం, ఈ ఆట తయారుచేసిన అమ్మాయికి తల్లి లేదు. చిన్నప్పుడే పోయిందట. ఆవిడ గుర్తుగా పెట్టుకుంది," అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా. నేను ఆయన చేతికున్న ట్యూబు సరిచేస్తూ "అయ్యో పాపం" అన్నాను. నా చావుకి నేనే సంతాపం చెప్పినట్టయింది.

ఇంటికొచ్చి మీ ఆటగాళ్లు మాట్లాడుకునే గ్రూపు వెతికి చదివాను. నిజమే, నేను పోయాను. కొందరు కేన్సర్ అన్నారు. ఒకడు కారు ప్రమాదం అన్నాడు, మనకి కారెక్కడిది! ముక్కూమొహం తెలియని జనం నా ఆత్మకు శాంతి కలగాలని పువ్వుల బొమ్మలు పెట్టారు. చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఒట్టు. ఆ నవ్వు, ఆటని నా ఫోన్లోకి ఎక్కించుకుని ఆ తువ్వాలు ఆవిణ్ణి చూసేదాకానే.

ఆవిడ వచ్చింది. ఎడమ చెవి వెనకనుంచి మొదలుపెట్టి, జుట్టంతా చెదరగొట్టి తుడిచి, చివర్లో నడినెత్తిన ఒక చిన్న మొట్టికాయ వేసింది. తల తుడిచి మొట్టికాయ వేసే మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది, అది నేను కాదు. పుకారులో చచ్చింది నేను, ఆటలో ఉన్నది మీ పిన్ని.

ఒళ్లు మండిపోయింది బుజ్జమ్మా. మీ నాన్న పోయాక తన పెళ్లి కూడా వెనక్కి నెట్టుకుని, మన ఇంట్లోనే ఉండి నిన్ను చూసుకున్న నా తోడబుట్టినదాని మీదే మండింది. రాత్రంతా వార్డులో తిరిగి వచ్చి పగలు మేడ మీద పడుకునేదాన్ని. కింద మీరిద్దరూ గుసగుసలాడుకునేవారు. "అమ్మ పడుకుంది, చప్పుడు చెయ్యకు" అని పిన్ని నిన్ను అదిలించడం నాకు మగత నిద్రలో వినపడేది. ఎవరి కోసం ఆ డ్యూటీలు చేశానని ఇప్పుడు అడగాలనిపించింది. వారం పాటు పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా పని ఉందని పెట్టేశాను.

ఇక దాచను. మేడ గది పుకారు పుట్టించింది నేనే. దొంగ పేరుతో గ్రూపులో చేరి ఇలా రాశాను: "ఆ ఇంటి మేడ మీద ఇంకో ఆవిడ ఉంది. అలిసిపోయి పడుకుని ఉంటుంది. పరుగెత్తకుండా మెట్లెక్కి తలుపు దగ్గర ఓపిగ్గా నిలబడితే లేచి వస్తుంది. నేను కళ్లారా చూశాను." పచ్చి అబద్ధం. రెండు రోజులు తిరక్కుండానే ఒకడు లోపల్నుంచి దగ్గు వినపడిందన్నాడు. ఇంకొకతె తలుపు కింద నీడ కదిలిందంది. చివరికి నా అబద్ధాన్ని నేనే నమ్మి, ఒక సెలవు రోజంతా ఆ తలుపు ముందు నిలబడ్డాను.

అంతలో నీ ఉత్తరం వచ్చింది. జనం మీ ఆఫీసుని ఊపిరాడనివ్వడం లేదనీ, ఇంతగా అడుగుతున్నారు కాబట్టి ఆ గదిని నిజంగానే కట్టేద్దామని మీ పెద్దాయన అన్నాడనీ రాశావు. "లోపల ఏం పెట్టాలో నాకేమీ తోచడం లేదమ్మా" అని కూడా రాశావు. ఆ ఒక్క వాక్యం చదివి ఆ పూట అన్నం తినలేదు.

నిన్న మీ పిన్ని నేరుగా ఆసుపత్రికే వచ్చి, నన్ను క్యాంటీన్లోకి లాక్కెళ్లింది. తనూ ఆడుతోందట.

"అక్కా, మేడ మీద నువ్వున్నావంట కదా! రోజూ ఆ తలుపు దగ్గరే పడిగాపులు కాస్తున్నా. ఎంతకీ లేవవేం?" అంది.

"నేనెందుకుంటాను? నిన్ను పెట్టుకుందిగా, చాలదూ?" నోరు జారాను.

మీ పిన్ని టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఓహో, అదా సంగతి! నీకు కుళ్లుగా ఉందా? మరి నా కుళ్లు ఎవరికి చెప్పుకోను? బుజ్జమ్మ బడి నుంచి తడిసొచ్చేది. నేను తుడుస్తుంటే కూడా మెడ తిప్పి మేడ వైపే చూసేది. 'అమ్మ లేచిందా పిన్నీ, అమ్మ లేచిందా?' ఒకటే గోల. ఆ మొట్టికాయ ముద్దుకనుకున్నావా? ఒక్కసారి ఇటు చూడవే అని!"

అంటూనే ఏడ్చేసింది. అంతమంది మధ్య చెల్లెలు కళ్లు తుడుచుకుంటుంటే ఓదార్చాల్సింది పోయి, నాకు లోపల్లోపల సంతోషం పొంగుకొచ్చింది. "ఏమనేదీ? మళ్లీ చెప్పు" అని రెండుసార్లు చెప్పించుకున్నాను. మీ అమ్మ ఎంత సిగ్గులేనిదో నీకూ తెలియాలని రాస్తున్నాను. తర్వాత దాన్ని దగ్గరికి తీసుకున్నాననుకో.

అందుకని ఆ గదిలో ఏం పెట్టాలో నేనే చెబుతాను. కింద మీ పిన్నిని కదపకు, మొట్టికాయ తీసెయ్యకు. మేడ మీద నన్ను పెట్టు. అడిగి పెట్టించుకోవడం బాగోదని తెలుసు, అయినా అడుగుతున్నాను. పడుకున్నట్టు మాత్రం పెట్టకు బుజ్జమ్మా. ఆ పిల్లని ఎంత చప్పుడైనా చేస్తూ పరుగెత్తుకు రానియ్యి. తలుపు తీసే ఉంటుంది, నేను మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ పిన్నికి అక్క, నీకు అమ్మ.